గిట్‌లో ఏ బ్రాంచ్‌లు పుష్ చేయాలి, ఏవి చేయకూడదు: ఎంచుకుని పంపే పద్ధతి

"ఉత్త గిట్ పుష్ కొడితే నా బ్రాంచ్‌లన్నీ వెళ్ళిపోతాయా?" "పదిహేను బ్రాంచ్‌లున్నాయి, ఒక్కటే పంపాలంటే ఎలా?" "నా బ్రాంచ్ అనుకుని పుష్ చేశాను, అది మెయిన్‌లో పడింది, ఇప్పుడేం చేయాలి?" ఈ ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి కాబట్టి జవాబు మొత్తం ఒకచోట రాస్తున్నాను. కొత్తవాళ్ళకు ఒక మాట: గిట్ అంటే కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం. అలా దాచిన ఒక్కో మార్పు కమిట్, విడిగా సాగే ఒక్కో పని దారి బ్రాంచ్, ప్రాజెక్టు మొత్తం ఉండే చోటు రిపో, సర్వర్‌లో ఉన్న దాని కాపీ రిమోట్, మీ కమిట్‌లను అక్కడికి పంపడమే పుష్.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మీ మెషీన్‌లో సెట్టింగ్ ఏముందో చూడాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అదే కమాండ్ కొట్టినా ఒకరికి ఒక బ్రాంచ్, ఇంకొకరికి ఐదు బ్రాంచ్‌లు వెళ్ళవచ్చు. అందుకే మొదటి నుంచీ ఒక అలవాటు చేసుకోండి: ఏ బ్రాంచ్, ఏ రిమోట్‌కి, అక్కడ ఏ పేరుతో అనే మూడూ తెలియకుండా ఎంటర్ నొక్కకండి. కమిట్ మీ మెషీన్‌లో ఉన్నంతసేపు దాన్ని ఎన్నిసార్లు మార్చినా ఎవరికీ తెలియదు. పుష్ అయ్యాక మాత్రం అది పదిమంది చేతిలో పడినట్టే.

ఇక్కడ కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలి. విడిగా వచ్చే హెడ్ అన్నది పెద్ద అక్షరాల్లో రాయాలి, చివర్లో వచ్చే పెద్ద డి తప్ప మిగతావన్నీ (హెడ్స్‌తో సహా) చిన్న అక్షరాలే. అడ్డగీతలు, చుక్కలు, కోలన్‌లు ఇక్కడ ఎలా ఉంటే అలాగే. ఉదాహరణల్లో మీ బ్రాంచ్ పేరు లాగిన్-ఫిక్స్, రిమోట్ పేరు ఆరిజిన్, ప్రధాన బ్రాంచ్ పేరు మెయిన్ అనుకుందాం. మీ రిపోలో మాస్టర్ అని ఉంటే మెయిన్ స్థానంలో అది పెట్టుకోండి.

ముందుగా కావలసినవి

- గిట్ 2.23 లేదా ఆ తర్వాతి వెర్షన్ (ఇక్కడ వాడిన `గిట్ స్విచ్` అప్పటినుంచే ఉంది). 2.37 దాటి ఉంటే ఇంకా సులువు. `గిట్ --వెర్షన్` కొడితే తెలుస్తుంది.
- రిమోట్ రిపోలో రాసే అనుమతి. క్లోన్ చేయగలిగినంత (రిపో కాపీని మీ మెషీన్‌కి తెచ్చుకోగలిగినంత) మాత్రాన పుష్ చేసే అనుమతి ఉన్నట్టు కాదు.
- మీ టీమ్ నియమం: మెయిన్‌కి నేరుగా పుష్ చేయొచ్చా, పుల్ రిక్వెస్ట్ (మార్పులను చూసి కలపమనే అభ్యర్థన) ద్వారానే వెళ్ళాలా, బ్రాంచ్ పేర్లకు పద్ధతేమైనా ఉందా. తెలియకపోతే ముందే అడగండి.

1. మీరు ఏ బ్రాంచ్‌లో ఉన్నారో చూడండి

`గిట్ స్టేటస్ -ఎస్‌బీ`

మొదటి వరుసలో మీ బ్రాంచ్ పేరు, మూడు చుక్కలు, ఆ తర్వాత అది జతపడిన రిమోట్ బ్రాంచ్ పేరు కనిపిస్తాయి. ఈ జతనే అప్‌స్ట్రీమ్ అంటారు. మూడు చుక్కల తర్వాత ఏమీ లేకుండా ఉత్త పేరే ఉంటే అప్‌స్ట్రీమ్ లేనట్టు. కొత్త బ్రాంచ్‌కి అది మామూలే.

అన్ని బ్రాంచ్‌లనూ ఒకేసారి చూడాలంటే:

`గిట్ బ్రాంచ్ -వీవీ`

ఇక్కడ చదరపు బ్రాకెట్లలో ఉన్నది జాగ్రత్తగా చదవండి. 'అహెడ్ 3' అంటే మీ దగ్గర మూడు కమిట్‌లు ఎక్కువ ఉన్నాయి. 'బిహైండ్ 2' అంటే అవతల రెండు ఎక్కువ. రెండూ ఉంటే రెండు దారులు చీలాయి, నేరుగా పుష్ చేస్తే తిరగ్గొడుతుంది. 'గాన్' అంటే ఆ రిమోట్ బ్రాంచ్‌ని ఎవరో తీసేశారు, బహుశా మెర్జ్ అయిపోయి, అంటే మెయిన్‌లో కలిసిపోయి ఉంటుంది.

ఈ లెక్కలన్నీ మీరు చివరిసారి ఫెచ్ చేసినప్పటివి, అంటే రిమోట్ నుంచి తాజా సమాచారం తెచ్చుకున్నప్పటివి. అందుకే ముందు `గిట్ ఫెచ్` కొట్టి తర్వాత చూడండి. నిన్నటి లెక్క చూసి ఇవాళ పుష్ చేయడం వల్లే సగం గొడవలు వస్తాయి.

లాగిన్-ఫిక్స్ పక్కన ఆరిజిన్/మెయిన్ అని కనిపిస్తే అక్కడే ఆగండి. మీరు బ్రాంచ్‌ని ఆరిజిన్/మెయిన్ నుంచి నేరుగా తీశారు, గిట్ దాన్నే అప్‌స్ట్రీమ్‌గా రాసుకుంది. సెట్టింగ్ సరిగా లేకపోతే ఉత్త పుష్ మీ సగం పనిని మెయిన్‌లోకి తోసేస్తుంది. ఇప్పుడే జత విప్పేయండి:

`గిట్ బ్రాంచ్ --అన్‌సెట్-అప్‌స్ట్రీమ్ లాగిన్-ఫిక్స్`

ఇకముందు బ్రాంచ్ తీసేటప్పుడు `గిట్ స్విచ్ --నో-ట్రాక్ -సి లాగిన్-ఫిక్స్ ఆరిజిన్/మెయిన్` అని కొడితే ఈ సమస్యే రాదు.

2. పుష్ ఎక్కడికి వెళ్తుందో చూడండి

`గిట్ రిమోట్ -వీ`

ప్రతి రిమోట్‌కీ రెండు వరుసలు ఉంటాయి, ఒకటి ఫెచ్‌కి, ఒకటి పుష్‌కి. ఒక్క ఆరిజిన్ మాత్రమే ఉంటే మూడో మెట్టుకు వెళ్ళండి.

ఫోర్క్ చేసి (ప్రాజెక్టుకు సర్వర్‌లో సొంత కాపీ తీసుకుని) పనిచేసేవాళ్ళకు సాధారణంగా రెండుంటాయి: మీ ఫోర్క్ ఆరిజిన్, అసలు ప్రాజెక్టు అప్‌స్ట్రీమ్. ఇక్కడ అప్‌స్ట్రీమ్ అన్నది రిమోట్ పేరు, మొదటి మెట్టులో చెప్పిన జత కాదు. అసలు ప్రాజెక్టులో రాసే అనుమతి కూడా మీకు ఉంటే, పొరపాటున అక్కడికి పుష్ అయ్యే ప్రమాదం నిజంగానే ఉంటుంది. దానికి ఇలా అడ్డుకట్ట వేయండి:

`గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ --పుష్ అప్‌స్ట్రీమ్ నో_పుష్`

చివరి పదం కమాండ్‌లో భాగం కాదు, పనిచేయని ఏ అడ్రస్ అయినా పెట్టొచ్చు. ఫెచ్ మామూలుగానే జరుగుతుంది, పుష్ మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పుష్‌లన్నీ ఫోర్క్‌కే వెళ్ళాలని చెప్పడానికి `గిట్ కాన్ఫిగ్ రిమోట్.పుష్‌డిఫాల్ట్ ఆరిజిన్` అని పెట్టుకోండి.

3. ఉత్త పుష్ అంటే మీ గిట్ ఏమనుకుంటుందో తెలుసుకోండి

`గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ --గెట్-ఆల్ పుష్.డిఫాల్ట్`

జవాబు ఏమీ రాకపోతే 'సింపుల్' అమల్లో ఉన్నట్టు. వస్తే, అది ఏ ఫైల్‌లో ఉందో కూడా చూపిస్తుంది. ఎక్కడినుంచో కాపీ చేసుకున్న పాత కాన్ఫిగ్ ఫైల్‌తో పనిచేస్తున్నవాళ్ళు ఈ మెట్టు దాటవేయకండి.

విలువలు ఐదు:

- సింపుల్: ఇప్పుడున్న బ్రాంచ్ ఒక్కటే, అవతల అదే పేరుకి. అప్‌స్ట్రీమ్ పేరు వేరుగా ఉంటే పంపదు. ఎక్కువమందికి ఇదే మంచిది.
- కరెంట్: ఇప్పుడున్న బ్రాంచ్ ఒక్కటే, అదే పేరుకి. అప్‌స్ట్రీమ్ ఉందా లేదా అని చూడదు.
- అప్‌స్ట్రీమ్: ఇప్పుడున్న బ్రాంచ్‌ని దాని అప్‌స్ట్రీమ్‌కి పంపుతుంది, పేరు వేరైనా సరే. మొదటి మెట్టులో చెప్పిన మెయిన్ ప్రమాదం దీంతోనే.
- మ్యాచింగ్: రెండు వైపులా ఒకే పేరుతో ఉన్న బ్రాంచ్‌లన్నీ వెళ్తాయి.
- నథింగ్: పేరు చెప్పకపోతే ఏదీ పంపదు.

2014లో గిట్ 2.0 వచ్చేదాకా డిఫాల్ట్ మ్యాచింగే. పాత ట్యుటోరియల్స్‌లో "గిట్ పుష్ అన్ని బ్రాంచ్‌లనూ పంపుతుంది" అని కనిపించేది అందుకే. అప్పట్లో, రెండు వైపులా ఒకే పేరుతో ఉన్న బ్రాంచ్‌ల వరకు, అది నిజమే. ఇప్పుడు మీ దగ్గర మ్యాచింగ్ కనిపిస్తే తీసేయండి:

`గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ పుష్.డిఫాల్ట్ సింపుల్`

మెయిన్‌కి పుష్ అయిన వెంటనే డిప్లాయ్ అయ్యే (నేరుగా వాడకంలోకి వెళ్ళే) రిపోలో పనిచేస్తుంటే, ఆ ఒక్క రిపోలో 'నథింగ్' పెట్టుకోమని నా సలహా. `--గ్లోబల్` లేకుండా కొడితే ఆ రిపోకే వర్తిస్తుంది. ప్రతిసారీ పేరు రాయాల్సి వస్తుంది, నిజమే. కానీ అలాంటి చోట ఆ నాలుగు అక్షరాల శ్రమకు విలువ ఉంది.

ఇంకొకటి కూడా చూడండి: `గిట్ కాన్ఫిగ్ --గెట్-ఆల్ రిమోట్.ఆరిజిన్.పుష్`. ఇక్కడ ఏదైనా ఉంటే పుష్.డిఫాల్ట్ కంటే దాని మాటే చెల్లుతుంది. "సింపుల్ పెట్టినా ఏవేవో బ్రాంచ్‌లు వెళ్తున్నాయి" అనేవాళ్ళకు కారణం తరచుగా ఇదే.

4. ఏవి పంపాలో తేల్చుకోండి

ఇంతవరకు ఎక్కడికీ పుష్ కాని కమిట్‌లు ఏ బ్రాంచ్‌లలో ఉన్నాయో ఈ ఒక్క కమాండ్ చూపిస్తుంది:

`గిట్ లాగ్ --బ్రాంచెస్ --నాట్ --రిమోట్స్ --వన్‌లైన్ --డెకరేట్`

జాబితా చూశాక ఒక్కో బ్రాంచ్ గురించి ఆలోచించండి.

పంపాల్సినవి: రివ్యూకి పెట్టబోయేది, ఇంకొకరు మీతో కలిసి పనిచేస్తున్నది, సీఐలో (కోడ్‌ని సర్వర్‌లో దానంతటదే పరీక్షించే వ్యవస్థలో) టెస్టులు నడవాల్సినది. పోతే మళ్ళీ చేయడం కష్టమైన పని కూడా ఇందులోకే వస్తుంది. సగంలో ఉన్నా సరే, టీమ్ ఒప్పుకుంటే మీ పేరు ముందు పెట్టి పంపండి. లాప్‌టాప్ పాడైతే పుష్ కాని కమిట్‌లు కూడా దానితోనే పోతాయి.

పంపకూడనివి: ఏదో ప్రయత్నించి చూద్దామని తీసినవి, రివ్యూ కోసం చూసిన ఇంకొకరి బ్రాంచ్‌లు, ఎప్పుడో తీసి వదిలేసిన పాత బ్రాంచ్‌లు. ఇంకొకరి బ్రాంచ్ మీ దగ్గర పాతబడి ఉంటే, దాన్ని పుష్ చేయబోయినా మామూలుగా గిట్ తానే అడ్డుకుంటుంది. ఫోర్స్ (బలవంతపు పుష్) వాడితే మాత్రం వాళ్ళ పని చెరిగిపోతుంది.

అస్సలు పంపకూడనిది పాస్‌వర్డ్ లేదా ఏపీఐ కీ ఉన్న కమిట్. తర్వాతి కమిట్‌లో ఆ ఫైల్ తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, పుష్ చేస్తే రెండూ వెళ్తాయి. ముందు చరిత్ర సరిచేయండి, తర్వాతే పుష్.

సగం పనులను టీమ్ రిపోలో పెట్టడం ఇష్టం లేదా? ఆఫీస్ నిబంధనలు ఒప్పుకుంటేనే, బ్యాకప్ అనే పేరుతో మరో ప్రైవేట్ రిమోట్ పెట్టుకోండి. సగం పనుల బ్రాంచ్‌లన్నిటికీ డబ్ల్యూఐపీ/ (వర్క్ ఇన్ ప్రోగ్రెస్) అని ముందు పెడితే, అవన్నీ ఒక్కసారే పంపొచ్చు:

`గిట్ పుష్ బ్యాకప్ 'రెఫ్స్/హెడ్స్/డబ్ల్యూఐపీ/*:రెఫ్స్/హెడ్స్/డబ్ల్యూఐపీ/*'`

కోట్స్ మరిచిపోవద్దు. లేకపోతే నక్షత్రం గుర్తును గిట్ కంటే ముందు షెల్ తన పద్ధతిలో అర్థం చేసుకునే అవకాశం ఉంది.

5. ఆ బ్రాంచ్‌తో పాటు ఇంకేం వెళ్తుందో చూడండి

ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్రాంచ్ అంటే ఒక కమిట్‌కి తగిలించిన పేరు మాత్రమే. దాన్ని పుష్ చేస్తే ఆ కమిట్, దాని వెనక ఉన్న కమిట్‌లలో అవతల లేనివన్నీ వెళ్తాయి. మీరు 'ప్రయోగం' అనే బ్రాంచ్‌లో ఉండగా అక్కడినుంచే లాగిన్-ఫిక్స్ తీశారనుకోండి. ప్రయోగం బ్రాంచ్‌ని మీరు ఎప్పుడూ పుష్ చేయకపోయినా, దాని కమిట్‌లు లాగిన్-ఫిక్స్‌తో కలిసి వెళ్ళిపోతాయి. "ఆ బ్రాంచ్ నేను పంపలేదే, మరి పుల్ రిక్వెస్ట్‌లో ఎందుకు కనిపిస్తోంది?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

కాబట్టి ముందు ఇది కొట్టండి:

`గిట్ లాగ్ --వన్‌లైన్ ఆరిజిన్/మెయిన్..లాగిన్-ఫిక్స్`

మధ్యలో రెండు చుక్కలు. ఇక్కడ కనిపించే ప్రతి కమిట్ ఈ పనికి చెందినదేనా? మీరు రాయనివి, ఈ పనికి సంబంధం లేనివి కనిపిస్తే బ్రాంచ్ తప్పు చోట నుంచి మొదలైనట్టు. తర్వాత ఫైళ్ళు:

`గిట్ డిఫ్ --స్టాట్ ఆరిజిన్/మెయిన్...లాగిన్-ఫిక్స్`

ఇక్కడ మూడు చుక్కలు. రెండు పెడితే మెయిన్‌లో కొత్తగా వచ్చిన ఇతరుల మార్పులు కూడా తలకిందులుగా కలిసి కనిపించి కంగారు పెడతాయి. జాబితాలో కాన్ఫిగ్ ఫైళ్ళు, లాగ్‌లు, పెద్ద జిప్ ఫైళ్ళు ఉన్నాయేమో చూడండి.

ప్రయోగం కమిట్‌లు కలిసిపోయి ఉంటే, వాటిని వదిలేసి మీ కమిట్‌లను మాత్రం మెయిన్ మీదికి ఇలా మార్చుకోవచ్చు:

`గిట్ రీబేస్ --ఆంటో ఆరిజిన్/మెయిన్ ప్రయోగం లాగిన్-ఫిక్స్`

అంటే లాగిన్-ఫిక్స్‌లో ఉండి ప్రయోగంలో లేని కమిట్‌లను తీసుకుని ఆరిజిన్/మెయిన్ మీద పెట్టమని. చేసే ముందు `గిట్ బ్రాంచ్ భద్రం లాగిన్-ఫిక్స్` అని ఇంకో పేరు తగిలించుకోండి. ఏదైనా చెడితే పాత స్థితి అక్కడ ఉంటుంది.

కొన్నిసార్లు చివరి రెండు కమిట్‌లు ఇంకా సిద్ధంగా ఉండవు, అంతకుముందువి సిద్ధం. అప్పుడు అక్కడిదాకానే పంపొచ్చు:

`గిట్ పుష్ ఆరిజిన్ లాగిన్-ఫిక్స్~2:రెఫ్స్/హెడ్స్/లాగిన్-ఫిక్స్`

కోలన్‌కి ఎడమవైపు మీ దగ్గరున్నది, కుడివైపు అవతల పేరు. అవతల ఆ బ్రాంచ్ ఇంకా లేకపోతే ఇలా పూర్తి పేరు ఇవ్వాలి, లేకపోతే గిట్‌కి అది బ్రాంచా, ట్యాగా (ఒక కమిట్‌కి పెట్టిన స్థిరమైన గుర్తా) అన్నది తెలియదు.

6. ఉత్తుత్తి పుష్ చేసి చూడండి

`గిట్ పుష్ --డ్రై-రన్ ఆరిజిన్ లాగిన్-ఫిక్స్`

నిజంగా ఏమీ పంపకుండా, పంపితే ఏ వరుసలు వస్తాయో చూపిస్తుంది. మీరు అనుకున్నది ఒక్క బ్రాంచ్ అయితే ఒక్క వరుసే రావాలి. రెండోది కనిపించిందంటే మూడో మెట్టుకు తిరిగి వెళ్ళండి.

దీనికి ఒక పరిమితి ఉంది. సర్వర్ వైపు ఉన్న నియమాలు, అంటే మెయిన్‌కి పెట్టిన రక్షణలాంటివి, డ్రై-రన్‌లో పరీక్షకు రావు. ఇక్కడ సరే అన్నా నిజం పుష్‌లో తిరస్కరించవచ్చు.

7. పేరు చెప్పి పుష్ చేయండి

మొదటిసారి:

`గిట్ పుష్ -యు ఆరిజిన్ లాగిన్-ఫిక్స్`

ఆ యు అప్‌స్ట్రీమ్ జతను సరైన పేరుతో కడుతుంది, ఇక మీద ఉత్త పుష్ కూడా అక్కడికే వెళ్తుంది. పేరు పొడవుగా ఉంటే `గిట్ పుష్ -యు ఆరిజిన్ హెడ్` అనొచ్చు, ఇప్పుడున్న బ్రాంచ్ అదే పేరుతో వెళ్తుంది. గిట్ 2.37 నుంచి `గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ పుష్.ఆటోసెటప్‌రిమోట్ ట్రూ` పెట్టుకుంటే కొత్త బ్రాంచ్‌కి ఈ జత దానంతటదే కుదురుతుంది. ప్రయోగాల బ్రాంచ్‌లు ఎక్కువగా పెట్టుకునేవాళ్ళకు మాత్రం ఇది వద్దనే అంటాను. "అప్‌స్ట్రీమ్ లేదు" అన్న ఎర్రర్ వాళ్ళను చాలాసార్లు కాపాడుతుంది.

రెండు మూడు బ్రాంచ్‌లు కలిసే వెళ్ళాలంటే:

`గిట్ పుష్ --అటామిక్ ఆరిజిన్ లాగిన్-ఫిక్స్ సెషన్-ఫిక్స్`

అటామిక్ ఉంటే రెండూ వెళ్తాయి, లేదా రెండూ ఆగుతాయి. అది లేకపోతే ఒకటి వెళ్ళి ఇంకొకటి తిరస్కరణకు గురికావచ్చు.

ట్యాగ్‌లు బ్రాంచ్‌తో పాటు వెళ్ళవు. కావలసిన ట్యాగ్‌ని కూడా బ్రాంచ్‌లాగే పేరు చెప్పి పంపండి. `--ట్యాగ్స్` అంటే మీ సొంత గుర్తుల కోసం పెట్టుకున్నవి కూడా వెళ్ళిపోతాయి.

ఈ కింది వాటి జోలికి వెళ్ళేముందు రెండుసార్లు ఆలోచించండి:

- `--ఆల్`: మీ దగ్గరున్న బ్రాంచ్‌లన్నీ వెళ్తాయి, ప్రయోగాలతో సహా.
- `--మిర్రర్`: రిమోట్‌ని అచ్చంగా మీ రిపోలా మార్చేస్తుంది. మీ దగ్గర లేని సహోద్యోగుల బ్రాంచ్‌లు అవతల డిలీట్ అవుతాయి. రిపోని కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు తప్ప ఇది వాడకండి.
- కోలన్‌కి ఎడమవైపు ఖాళీ: `గిట్ పుష్ ఆరిజిన్ :లాగిన్-ఫిక్స్` అంటే ఆ రిమోట్ బ్రాంచ్‌ని తీసేయమని అర్థం. పేరు ముందు అనుకోకుండా కోలన్ పడితే అంతే సంగతి.
- `--ఫోర్స్`: రీబేస్ తర్వాత మీ సొంత బ్రాంచ్‌కి తప్పనిసరైతే `--ఫోర్స్-విత్-లీజ్` వాడండి, బ్రాంచ్ పేరు తప్పకుండా రాయండి. మీరు చివరిసారి ఫెచ్ చేశాక అవతల ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగిపోతుంది. కొన్ని ఎడిటర్లు వెనకాల వాటంతటవే ఫెచ్ చేస్తుంటాయి. అప్పుడు ఆ కొత్త కమిట్‌లు మీరు చూడకపోయినా చూసినట్టే లెక్కలోకి వస్తాయి, రక్షణ పనిచేయదు. 2.30 నుంచి వచ్చిన `--ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్` కూడా జోడిస్తే ఆ లోటు తీరుతుంది.

8. వెళ్ళిందో లేదో సరిచూసుకోండి

పుష్ అయ్యాక వచ్చే వరుసను చదివే అలవాటు చేసుకోండి. బాణం గుర్తుకు ఎడమవైపు మీ బ్రాంచ్, కుడివైపు అవతలిది. రెండు పేర్లూ మీరు అనుకున్నవేనా? వరుస మొదట్లో ఉండే గుర్తు కూడా ముఖ్యం. నక్షత్రం ఉంటే కొత్త బ్రాంచ్ పుట్టింది, ప్లస్ ఉంటే ఫోర్స్‌తో మారింది, మైనస్ ఉంటే డిలీట్ అయింది, ఆశ్చర్యార్థకం ఉంటే తిరస్కరించింది. ఏ గుర్తూ లేకుండా రెండు హ్యాష్‌ల (కమిట్‌లను గుర్తించే కోడ్‌ల) మధ్య రెండు చుక్కలుంటే మామూలుగా ముందుకు జరిగింది. కొత్త పేరు పెట్టలేదనుకున్నప్పుడు నక్షత్రం కనిపిస్తే పేరులో స్పెల్లింగ్ తప్పు పడి ఉంటుంది.

ఖాయంగా తెలుసుకోవాలంటే సర్వర్‌నే అడగండి:

`గిట్ ఎల్ఎస్-రిమోట్ --హెడ్స్ ఆరిజిన్ లాగిన్-ఫిక్స్`

`గిట్ రెవ్-పార్స్ లాగిన్-ఫిక్స్`

రెండింట్లోనూ ఒకే హ్యాష్ వస్తే పని అయినట్టే. ఐదో మెట్టులోలా కొన్ని కమిట్‌లు ఆపి పంపి ఉంటే రెండోదాంట్లో `లాగిన్-ఫిక్స్~2` అని అడగాలి.

తరచుగా వచ్చే ఎర్రర్లు

*ప్రస్తుత బ్రాంచ్‌కి అప్‌స్ట్రీమ్ లేదు.* కొత్త బ్రాంచ్‌ని ఉత్త పుష్ చేశారు. ఏడో మెట్టులోని `-యు` వాడండి.

*అప్‌స్ట్రీమ్ పేరు మీ బ్రాంచ్ పేరుతో కలవడం లేదు.* ఇక్కడ గిట్ రెండు కమాండ్లు సూచిస్తుంది. మొదటిది హెడ్ తర్వాత కోలన్, ఆ తర్వాత మెయిన్ అని ఉంటుంది. ఆలోచించకుండా దాన్ని కాపీ చేసి పేస్ట్ చేస్తే మీ పని నేరుగా మెయిన్‌కి వెళ్తుంది. దాదాపు ఎప్పుడూ మీకు కావలసింది రెండోది, ఉత్త హెడ్‌తో ముగిసేది.

*సోర్స్ రెఫ్‌స్పెక్ దేనితోనూ సరిపోలడం లేదు.* ఆ పేరుతో మీ దగ్గర బ్రాంచ్ లేదు. స్పెల్లింగ్ చూడండి, మెయిన్, మాస్టర్ తేడా చూడండి. కొత్త రిపో అయితే ఒక్క కమిట్ కూడా చేయలేదేమో చూడండి. కమిట్ లేకపోతే బ్రాంచ్ ఇంకా పుట్టనట్టే.

*నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్ లేదా 'ఫెచ్ ఫస్ట్' అంటూ తిరస్కరణ.* అవతల మీ దగ్గర లేని కమిట్‌లున్నాయి. ఇది చూడగానే ఫోర్స్ కొట్టేవాళ్ళు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. `గిట్ ఫెచ్` చేసి, `గిట్ లాగ్ --వన్‌లైన్ లాగిన్-ఫిక్స్..ఆరిజిన్/లాగిన్-ఫిక్స్` అని అవతల ఏమున్నాయో చదవండి. ఇతరుల పని ఉంటే `గిట్ పుల్ --రీబేస్ ఆరిజిన్ లాగిన్-ఫిక్స్` చేసి మళ్ళీ పుష్ చేయండి. ఉన్నవన్నీ మీరే రీబేస్‌కి ముందు పెట్టినవైతేనే లీజ్‌తో ఫోర్స్.

*అంతా అప్-టు-డేట్ అంటోంది, కానీ నా కమిట్ అవతల లేదు.* ఈ సందేశానికి ఎర్ర రంగు ఉండదు, అందుకే చాలామంది పని అయిందనుకుని వెళ్ళిపోతారు. మీరు లాగిన్-ఫిక్స్‌లో కమిట్ చేసి `గిట్ పుష్ ఆరిజిన్ మెయిన్` అని కొట్టి ఉంటారు. మెయిన్‌లో కొత్తదేమీ లేదు కాబట్టి గిట్ చెప్పింది నిజమే. లేదా కమిటే జరగలేదు. లేదా ఏ బ్రాంచ్‌లోనూ లేకుండా, డిటాచ్డ్ హెడ్‌లో కమిట్ చేశారు. చివరిదైతే ముందు `గిట్ స్విచ్ -సి కొత్త-పేరు` అని దానికి బ్రాంచ్ పేరు పెట్టి, ఆ తర్వాత పుష్ చేయండి.

తప్పు బ్రాంచ్ వెళ్ళిపోతే

మీ సొంత కొత్త బ్రాంచ్ అయితే టెన్షన్ అక్కర్లేదు. `గిట్ పుష్ ఆరిజిన్ --డిలీట్ ప్రయోగం` అంటే అవతల పోతుంది, మీ దగ్గరిది అలాగే ఉంటుంది. ఈలోపు ఎవరైనా ఫెచ్ చేసి ఉంటే వాళ్ళ దగ్గర కాపీ మిగులుతుందని గుర్తుంచుకోండి.

మెయిన్‌లో పడితే ముందు టీమ్‌కి చెప్పండి. చెప్పకుండా చక్కదిద్దబోతే, ఈలోపు ఇంకొకరు దాని మీద పుల్ చేసి పని మొదలుపెడతారు. ఆ తర్వాత ఫోర్స్‌తో వెనక్కి లాగకుండా, రివర్ట్ చేయండి, అంటే ఆ మార్పులను రద్దు చేసే కొత్త కమిట్‌లు పెట్టండి. మెయిన్‌లో ఉండి `గిట్ పుల్` చేసి, మీ కమిట్‌లు వరుసగా చివరి మూడు అయితే `గిట్ రివర్ట్ --నో-ఎడిట్ హెడ్~3..హెడ్`, తర్వాత `గిట్ పుష్ ఆరిజిన్ మెయిన్`. మీ తర్వాత ఇంకెవరైనా కమిట్ చేసి ఉంటే హెడ్ లెక్క పనిచేయదు, హ్యాష్‌లు ఇవ్వాలి. తర్వాత అదే బ్రాంచ్‌ని సరైన దారిలో మెర్జ్ చేసినప్పుడు ఆ మార్పులు రావు, ఎందుకంటే ఆ కమిట్‌లు మెయిన్ చరిత్రలో ఇప్పటికే ఉన్నాయి. అప్పుడు రివర్ట్ కమిట్‌లను మళ్ళీ రివర్ట్ చేయాలి. ఇది తెలియక "మెర్జ్ అయింది కానీ కోడ్ లేదు" అని రోజంతా వెతికేవాళ్ళున్నారు.

పాస్‌వర్డ్ లేదా కీ వెళ్ళిపోతే, బ్రాంచ్ డిలీట్ చేయడం కంటే ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. పబ్లిక్ రిపో అయితే నిమిషాల్లో ఎవరి చేతికైనా చిక్కి ఉండొచ్చు. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతి పని.

మెయిన్‌కి తాళం వేయండి

అన్నిటికన్నా గట్టి రక్షణ సర్వర్ వైపుదే. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ మూడింటిలోనూ ఒక బ్రాంచ్‌కి నేరుగా పుష్ కాకుండా ఆపే సెట్టింగ్ ఉంది. అడ్మిన్‌తో పెట్టించండి.

మీ మెషీన్ వరకు అయితే ప్రీ-పుష్ హుక్ పెట్టుకోవచ్చు. రిపోలోని .గిట్ ఫోల్డర్‌లో హుక్స్ లోపల ప్రీ-పుష్ అనే పేరుతో ఒక స్క్రిప్ట్ రాసి, దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వాలి. పుష్‌కి ముందు గిట్ దాన్ని నడిపి, వెళ్ళబోయే ఒక్కో బ్రాంచ్‌కి ఒక్కో వరుస చొప్పున స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో ఇస్తుంది. వరుసలో నాలుగు విషయాలుంటాయి: మీ రెఫ్ (బ్రాంచ్ పూర్తి పేరు), దాని హ్యాష్, అవతలి రెఫ్, దాని హ్యాష్. మూడోది రెఫ్స్/హెడ్స్/మెయిన్ అయితే స్క్రిప్ట్ 1తో ఎగ్జిట్ కావాలి, అంతే, పుష్ ఆగిపోతుంది. మొదటిదాన్ని కాకుండా మూడోదాన్నే చూడండి, ఎందుకంటే వేరే పేరున్న బ్రాంచ్ కూడా మెయిన్‌కి వెళ్ళగలదు. ఈ హుక్ క్లోన్‌తో రాదు, ప్రతి మెషీన్‌లో విడిగా పెట్టాలి. `--నో-వెరిఫై` అంటే దాన్ని దాటేయొచ్చు కూడా.

చివరగా, జాబితా చిన్నగా ఉంటే ఎంపిక సులువవుతుంది. వారానికోసారి `గిట్ ఫెచ్ --ప్రూన్` చేసి, `గిట్ బ్రాంచ్ -వీవీ`లో 'గాన్' అని వచ్చినవాటిని `గిట్ బ్రాంచ్ -డి`తో తీసేయండి. చిన్న డి మెర్జ్ కానివాటిని తీయనివ్వదు. స్క్వాష్ చేసి (కమిట్‌లన్నిటినీ ఒకటిగా కుదించి) మెర్జ్ చేసిన బ్రాంచ్‌లను కూడా మెర్జ్ కానట్టే చూసి అడ్డుకోవచ్చు. అప్పుడు మార్పులు మెయిన్‌లో ఉన్నాయని కళ్ళతో చూసుకున్నాకే పెద్ద డి వాడండి.